ఇంగ్లండ్‌లో సొంతిల్లు అద్దెకిస్తున్నారా? ‘ఐదుగురి లోపుంటే లైసెన్స్ అక్కర్లేదు’ అన్న మాట నమ్మి ఆగిపోకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంగ్లండ్‌లో మీకు మూడు బెడ్‌రూముల సెమీ డిటాచ్డ్ (పక్కింటితో ఒక గోడ పంచుకునే) ఇల్లు ఉంది. ఉద్యోగం వేరే ఊరికి మారింది. ఇంటిని నలుగురు తెలుగు కుర్రాళ్ళకి అద్దెకివ్వాలనుకుంటున్నారు. ఇద్దరు ఎమ్మెస్సీ చదువుతున్నారు, ఇద్దరు ఉద్యోగం చేస్తున్నారు. ఆ ఉద్యోగస్థుల్లో ఒకతని భార్య కూడా కొద్ది నెలల్లో ఇండియా నుంచి వస్తోంది. ‘ఐదుగురి లోపుంటే అద్దెకివ్వడానికి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ అక్కర్లేదు’ అని ఏజెంట్ చెప్పాడు, అది నిజమేనా అని మీ ప్రశ్న.

సగం నిజం. మీ విషయంలో ఆ సగం కూడా పనికిరాదు, ఎందుకంటే ఆ అమ్మాయి వచ్చిన రోజు ఇంట్లో ఐదుగురవుతారు. మీ ఏజెంట్ నలుగురినే లెక్కపెట్టాడు.

నేను ఇక్కడ అద్దె ఇళ్ళ మేనేజ్‌మెంట్ పనిలోనే ఉన్నాను. కొత్తగా ఓనర్లయినవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ లైసెన్స్ దగ్గరే. గ్యాస్ సర్టిఫికెట్, డిపాజిట్ స్కీమ్ గురించి అందరికీ తెలుసు, ఏజెంట్లే గుర్తుచేస్తారు. లైసెన్స్ సంగతి అలా కాదు. ఇంట్లో ఎవరుంటున్నారు, ఇల్లు ఏ కౌన్సిల్ కిందికి వస్తుంది అన్నదాన్ని బట్టి మారిపోతుంది. అదే ఇంటికి ఈ ఏడాది అక్కర్లేనిది వచ్చే ఏడాది కావాల్సి రావచ్చు. కాబట్టి ఒకసారి కనుక్కుని వదిలేసేది కాదిది, టెనెంట్లు మారిన ప్రతిసారీ చూసుకోవాలి.

మూలం 2004 నాటి హౌసింగ్ యాక్ట్. దాని కింద మూడు రకాల లైసెన్సులున్నాయి. మొదటిది దేశమంతటా తప్పనిసరి అయిన హెచ్‌ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్, అంటే వేర్వేరు కుటుంబాలవాళ్ళు కలిసి ఉండే ఇల్లు) లైసెన్స్. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది, రెండు లేదా అంతకన్నా ఎక్కువ హౌస్‌హోల్డ్‌లుగా (చట్టం లెక్కలో కుటుంబాలుగా) ఉంటూ, వంటగదో బాత్‌రూమో టాయిలెట్టో పంచుకుంటుంటే ఇది కావాలి. ఒకప్పుడు ఇల్లు మూడంతస్తులుంటేనే ఇది వర్తించేది. 2018 అక్టోబర్ 1 నుంచి ఆ అంతస్తుల షరతు తీసేశారు. ‘మాది రెండంతస్తులేగా’ అనే మాట ఇప్పటికీ వింటుంటాను, దానికి కాలం చెల్లి చాలా ఏళ్ళయింది.

రెండోది అడిషనల్ లైసెన్స్. ముగ్గురు, నలుగురు కలిసి ఉండే చిన్న హెచ్‌ఎంఓలకి కూడా లైసెన్స్ కావాలని కౌన్సిల్ తన పరిధిలో ప్రకటించుకోవచ్చు. మూడోది సెలెక్టివ్ లైసెన్స్. ఇది ఉన్న ఏరియాలో ఒకే కుటుంబానికి అద్దెకిచ్చినా లైసెన్స్ ఉండాల్సిందే, తలల లెక్కతో పనిలేదు. లండన్‌లో న్యూహామ్ కౌన్సిల్ 2013 జనవరిలోనే దాదాపు తన బరో (కౌన్సిల్ పరిధి) మొత్తానికి దీన్ని పెట్టింది. ఇదివరకు పెద్ద ఏరియాకి సెలెక్టివ్ స్కీమ్ పెట్టాలంటే కేంద్ర మంత్రి అనుమతి కావాల్సి వచ్చేది. 2024 డిసెంబర్ నుంచి ఆ అడ్డు లేదు. ప్రజాభిప్రాయం తీసుకుని కౌన్సిలే పెట్టేసుకోవచ్చు. అందుకే మీ ఏరియాకి ఇప్పుడు లేకపోయినా రేపు రావచ్చు.

అంటే ‘ఐదు’ అనేది దేశం మొత్తానికి ఉన్న గీత మాత్రమే. దానికి కిందున్నవాళ్ళ సంగతి కౌన్సిల్ చేతిలో ఉంది. ఆ భార్య రాకపోయినా, ఆ నలుగురి కోసం మీరు అడిషనల్, సెలెక్టివ్ రెండూ చెక్ చేసుకోవాల్సిందే.

ఇప్పుడు హౌస్‌హోల్డ్ అంటే ఏమిటో చూద్దాం. మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. భార్యాభర్తలు, పెళ్ళి కాకపోయినా జంటగా కలిసి ఉండేవాళ్ళు ఒక హౌస్‌హోల్డ్. తల్లిదండ్రులు, తాత మామ్మలు, పిల్లలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బాబాయి పిన్ని మామయ్య అత్తయ్యలు, వాళ్ళ పిల్లలు, మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు అందరూ చట్టం లెక్కలో బంధువులే. ఇంకా విశేషమేమిటంటే, ఒక జంటలో భార్య తరఫు బంధువూ భర్త తరఫు బంధువూ కూడా ఒకే కుటుంబం కిందికి వస్తారు. భార్య తమ్ముడు, భర్త చెల్లెలు ఆ దంపతులతో కలిసి ఉంటే నలుగురూ ఒకటే హౌస్‌హోల్డ్.

కానీ ‘ఒకే ఊరివాళ్ళం, అన్నా తమ్ముడూ అని పిలుచుకుంటాం’ అన్నది లెక్కలోకి రాదు. నలుగురూ ఒకే కుక్కర్‌లో అన్నం వండుకుని ఒకే టేబుల్ మీద తిన్నా నాలుగు హౌస్‌హోల్డ్‌లే. అందరి పేర్లూ కలిపి ఒకే అగ్రిమెంట్ రాయిస్తే హెచ్‌ఎంఓ కాకుండా పోతుందని కొందరు ఏజెంట్లు చెబుతారు, అదీ తప్పే. అగ్రిమెంట్లు ఎన్ని అన్నది చూడరు, మనుషులెవరు అన్నదే చూస్తారు. స్టూడెంట్లు చదువు కోసం ఉన్నా ఆ ఇల్లే వాళ్ళ నివాసం కింద లెక్క. పసిపిల్లలు కూడా ఒక మనిషే. ఒక జంట, వాళ్ళ ఆరునెలల బిడ్డ, ఇంకో జంట కలిసి ఉంటే ఐదుగురు, రెండు హౌస్‌హోల్డ్‌లు. అంటే తప్పనిసరి లైసెన్స్.

మీ ఇంట్లో భార్యాభర్తలు ఒకటి, మిగతా ముగ్గురూ బంధువులు కాకపోతే మూడు, మొత్తం నాలుగు హౌస్‌హోల్డ్‌లు, ఐదుగురు మనుషులు. ఇక సందేహమే లేదు.

(ఓనరే ఆ ఇంట్లో ఉంటూ ఇద్దరు లాడ్జర్లకి గదులిస్తే అది హెచ్‌ఎంఓ కాదు. ఇద్దరికి మించితే ఆ మినహాయింపు పోతుంది. మీరు ఇల్లు వదిలి వెళ్తున్నారు కాబట్టి మీకిది వర్తించదు, చదివే ఇతరుల కోసం చెబుతున్నాను.)

ఇక అసలు చిక్కు. లైసెన్స్‌కి అప్లై చేయడం తర్వాతి మాట, మీ ఇంట్లో ఐదుగురు పడతారా? పడుకోవడానికి స్థలముందా అని కాదు నేనడిగేది. 2018 నుంచి హెచ్‌ఎంఓ లైసెన్సుల్లో గదుల కనీస కొలతలు షరతుగా ఉంటాయి. పదేళ్ళు దాటిన ఒకరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికైతే 10.22, పదేళ్ళలోపు పిల్లకి 4.64 ఉండాలి. పైకప్పు ఒకటిన్నర మీటరు కన్నా కిందికి వాలిన చోట నేలని లెక్కలోకి తీసుకోరు. ఇవి దేశవ్యాప్తంగా కనీస కొలతలు, కౌన్సిల్ ఇంకా ఎక్కువ అడగొచ్చు. కింద పెద్ద హాలుంది కదా, గది చిన్నదైతే ఏమైంది అన్న వాదన నిలబడదు.

మామూలు మూడు బెడ్‌రూముల సెమీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ముందు వైపు పెద్ద గది 3.6 బై 3.3 మీటర్లు అనుకోండి, 11.88. జంటకి సరిపోతుంది. వెనక గది 3.3 బై 3, అంటే 9.9. చూడ్డానికి డబుల్ రూమే, డబుల్ బెడ్ కూడా పడుతుంది, కానీ 10.22కి తక్కువ కాబట్టి ఒక్కరికే. మెట్ల పక్కనుండే బాక్స్ రూమ్ 2.1 బై 2.4, అంటే 5.04. పెద్దవాళ్ళెవరూ అందులో పడుకోకూడదు. మెట్ల మీదుగా పెట్టెలా లేచిన భాగం ఆ గదిలోకి వచ్చి ఉంటే వాడుకునే నేల ఇంకా తగ్గుతుంది. అంటే పై అంతస్తులో ముగ్గురే. మిగతా ఇద్దరికీ కింది ముందుగదిని బెడ్‌రూమ్ చేయాలి, అదీ 10.22 ఉంటేనే ఇద్దరికి. అప్పుడు అందరూ కూర్చునే గది మిగులుతుందా, కౌన్సిల్ దానికి ఒప్పుకుంటుందా అన్నది ఇంకో ప్రశ్న.

కాబట్టి ముందు టేప్ పట్టుకుని కొలవండి. ఎస్టేట్ ఏజెంట్ ఫ్లోర్ ప్లాన్‌ని నమ్మకండి. అందులో కిటికీ అరుగు, అల్మరా లోపలి భాగం కూడా కలిపేసి ఉండొచ్చు.

అప్లికేషన్‌లో ఏమేం అడుగుతారంటే: కొలతలతో ఫ్లోర్ ప్లాన్, ఏడాదికోసారి చేయించే గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్, ఐదేళ్ళకోసారి కరెంటు వైరింగ్ రిపోర్టు, ఫైర్ అలారం వివరాలు. హెచ్‌ఎంఓ అయితే సాధారణంగా ఒకదానితో ఒకటి లింక్ అయిన స్మోక్ అలారంలు, ముప్పై నిమిషాలు మంటని ఆపే తలుపులు అడుగుతారు. బయటికి దారితీసే తలుపుకి లోపలి నుంచి తాళంచెవి లేకుండా చేత్తో తిప్పితే తెరుచుకునే లాక్ కూడా ఉండాలంటారు. తలుపులు మార్చడం ఖరీదైన పనే, ముందే కార్పెంటర్‌ని అడిగి అంచనా వేసుకోండి. ఫీజు కౌన్సిల్‌ని బట్టి వందల పౌండ్ల నుంచి వెయ్యి దాటి ఉంటుంది. మామూలుగా రెండు విడతలుగా కడతారు, అప్లికేషన్‌తో ఒకటి, లైసెన్స్ ఇచ్చేటప్పుడు ఒకటి. లైసెన్స్ గరిష్ఠంగా ఐదేళ్ళు. మీరు ఇల్లు అమ్మితే అది కొన్నవాళ్ళకి బదిలీ కాదు, వాళ్ళు మళ్ళీ కొత్తగా అప్లై చేసుకోవాలి.

ఒక సంగతి చాలామందికి ముందుగా తట్టదు. మీరు అప్లై చేసినట్టు మీ మార్ట్‌గేజ్ ఇచ్చిన బ్యాంకుకి, లీజ్‌హోల్డ్ అయితే ఫ్రీహోల్డర్‌కి (మీకు లీజుకిచ్చిన అసలు యజమానికి) కూడా మీరే రాతపూర్వకంగా తెలియజేయాలి. మీరు కాపురం ఉండడానికి తీసుకున్న మామూలు మార్ట్‌గేజ్ మీదే ఇల్లు అద్దెకిస్తుంటే బ్యాంకు అనుమతి ముందే తీసుకుని ఉండాలి. బై టు లెట్ లోన్ (అద్దెకిచ్చే ఇంటి కోసం తీసుకునేది) ఉన్నా, హెచ్‌ఎంఓకి ఇవ్వకూడదని అందులో షరతు ఉండొచ్చు. ఇంటి ఇన్సూరెన్స్ కూడా అంతే. ‘ఒక కుటుంబానికి అద్దె’ అని రాయించుకున్న పాలసీ, నలుగురు వేర్వేరు మనుషులున్నప్పుడు ఏదైనా జరిగితే క్లెయిమ్ ఇస్తుందన్న గ్యారంటీ లేదు. లైసెన్స్ కన్నా ముందు ఈ రెండు ఫోన్లు చేసేయండి.

ప్లానింగ్ (ఇంటి వాడకం మార్చడానికి అనుమతి ఇచ్చేది) పూర్తిగా వేరే శాఖ. మామూలు ఇంటిని ఆరుగురి వరకు ఉండే చిన్న హెచ్‌ఎంఓగా మార్చడానికి సాధారణంగా ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. కానీ ఆర్టికల్ 4 డైరెక్షన్ (ఆ వెసులుబాటుని తీసేసే ఉత్తర్వు) ఉన్న ఏరియాలో కావాలి. యూనివర్సిటీ ఊళ్ళలో ఇది చాలాచోట్ల ఉంది. లైసెన్స్ చేతికొచ్చింది కదా అని ప్లానింగ్ వాళ్ళు ఊరుకోరు. ఒకే కౌన్సిల్ బిల్డింగ్‌లో ఉన్నా రెండు టీములూ రెండు చట్టాల కింద పనిచేస్తాయి.

‘లైసెన్స్ లేకపోతే ఏమవుతుంది, ఎవరికి తెలుస్తుంది’ అని మీరు అడగలేదు గానీ కింద కామెంట్లలో ఒకరు అన్నారు. తెలుస్తుంది. కౌన్సిల్ తన దగ్గరున్న కౌన్సిల్ ట్యాక్స్, హౌసింగ్ బెనిఫిట్ (అద్దె కట్టడానికి ఇచ్చే ప్రభుత్వ సాయం) వివరాల్ని లైసెన్సింగ్ కోసం వాడుకోవచ్చని చట్టంలోనే ఉంది. చెత్త డబ్బాలు పొంగిపొర్లుతున్నాయని పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే చాలు. లైసెన్స్ లేని హెచ్‌ఎంఓ అన్న అనుమానంతో తనిఖీకి వచ్చే ఆఫీసర్ ముందుగా 24 గంటల నోటీసు ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, తెలియజేసేది టెనెంటే కావచ్చు. లైసెన్స్ లేని కాలానికి కట్టిన అద్దె వెనక్కి ఇప్పించమని ఫస్ట్ టియర్ ట్రైబ్యునల్‌కి (ఇలాంటి వివాదాలు మొదట వినే న్యాయస్థానానికి) వాళ్ళు స్వయంగా వెళ్ళొచ్చు. దీన్ని రెంట్ రీపేమెంట్ ఆర్డర్ అంటారు. ఇదివరకు గరిష్ఠంగా 12 నెలల అద్దె. 2025 అక్టోబర్ 27న చట్టమైన రెంటర్స్ రైట్స్ యాక్ట్ దాన్ని 24 నెలలకి పెంచింది. నెలకి 1,800 పౌండ్ల అద్దె అనుకుంటే 21,600 ఉన్న ప్రమాదం 43,200 అయింది. ట్రైబ్యునల్ ప్రతిసారీ మొత్తం ఇప్పించదు, ఇరువైపులా ప్రవర్తన ఎలా ఉంది, ఓనర్ ఆర్థిక స్థితి ఏమిటి అన్నవన్నీ చూస్తుంది. కానీ ‘మనవాళ్ళే కదా, కేసు దాకా పోరు’ అని ధీమాగా ఉండకండి. డిపాజిట్ దగ్గర మాటామాటా వచ్చాక ఎవరైనా చట్టం చదువుతారు. ఇది కాక కౌన్సిల్ వేసే సివిల్ పెనాల్టీ ఉంది. దాని గరిష్ఠ పరిమితి 30,000 పౌండ్లుండేది, అదే చట్టం 40,000కి పెంచింది. కోర్టులో ప్రాసిక్యూట్ చేస్తే జరిమానాకి పరిమితే లేదు.

‘ఏజెంట్ చెప్పాడు కాబట్టి ఇచ్చాను’ అంటే సరిపోతుందా? సాధారణంగా సరిపోదు. 2022లో దాని పైస్థాయి అయిన అప్పర్ ట్రైబ్యునల్ ఒక తీర్పులో దీన్ని విడమరిచి చెప్పింది. లైసెన్స్ సంగతులు ఎప్పటికప్పుడు తెలియజేసే బాధ్యత ఏజెంట్‌ది అని ఒప్పందంలో ఉందని ఓనర్ చూపించాలి. ఆ ఏజెంట్ సమర్థతని నమ్మడానికి కారణం ఉండాలి. పైగా తనంతట తాను తెలుసుకోలేకపోవడానికీ కారణం చూపాలి. పోస్ట్‌కోడ్ కొడితే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కనిపించే విషయానికి ఆ చివరి కారణం చూపడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. నా సలహా ఏమిటంటే, మీ ఏజెంట్ అంత ధైర్యంగా చెబుతున్నాడు కాబట్టి అదే మాట ఈమెయిల్‌లో రాసివ్వమనండి. చాలామంది అక్కడే మెత్తబడతారు.

మీ మెసేజ్ చివర్లో ‘గ్యారంటీడ్ రెంట్’ కంపెనీ ఒకటి ఫోన్ చేసిందని కూడా రాశారు. ఇల్లు మొత్తం వాళ్ళు తీసుకుని, మీకు నెలనెలా ఇంత అని ఇచ్చి, గదులవారీగా వేరేవాళ్ళకి ఇచ్చుకుంటారు. లైసెన్స్ తలనొప్పి మొత్తం వాళ్ళదే అంటారు. అలా ఏమీ ఉండదు. టెనెంట్లు అద్దె వెనక్కి అడిగితే నేరుగా అద్దెకిచ్చినవాళ్ళనే అడగాలి, పైన ఉన్న అసలు ఓనర్‌ని కాదు అని 2023లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ రెంటర్స్ రైట్స్ యాక్ట్ ఆ దారి మూసేసి, పై ఓనర్‌ని కూడా లాగే వీలు కల్పించింది. లోపల ఎంతమందిని పెట్టారో మీకు తెలియని ఇంటికి మీరు జవాబుదారీ అవుతారు. నేనైతే మీ స్థితిలో దాని జోలికి వెళ్ళను.

మంచి వార్త ఒకటుంది. పూర్తి అప్లికేషన్ సరిగ్గా వేసిన రోజు నుంచి, దాని మీద నిర్ణయం వచ్చేదాకా, లైసెన్స్ లేదన్న నేరం మీ మీద ఉండదు. కౌన్సిల్ నిర్ణయానికి నెలలు పట్టినా భయం లేదు. కానీ ‘పూర్తి’ అన్న మాట ముఖ్యం. ఫీజు కట్టకుండా, ఫ్లోర్ ప్లాన్ అప్‌లోడ్ చేయకుండా సగంలో వదిలేసిన ఆన్‌లైన్ ఫారం అప్లికేషన్ కిందికి రాదు. ఫీజు రసీదు, వాళ్ళ నుంచి వచ్చిన ఎక్‌నాలెడ్జ్‌మెంట్ ఈమెయిల్ పీడీఎఫ్‌గా దాచుకోండి. టెనెన్సీ మొదలయ్యే తేదీ కన్నా ముందు తేదీ దాని మీద ఉండాలి. తర్వాత కౌన్సిల్ ముసాయిదా లైసెన్స్ పంపుతుంది, అభ్యంతరాలుంటే చెప్పడానికి కనీసం 14 రోజులిస్తుంది. అందులో ఎంతమందికి అనుమతి ఇచ్చారో చదవండి. నలుగురికి ఇచ్చిన ఇంట్లో ఐదో మనిషిని తెలిసి ఉండనివ్వడం ఇంకో నేరం. ఆ భార్య వచ్చేదాకా నలుగురికే తీసుకుందాం, తర్వాత చూద్దాం అనుకోకండి. ఆమె వస్తుందని మీకు ఇప్పుడే తెలుసు కాబట్టి ఆమెని కలిపే అప్లై చేయండి.

లేదా ఇంకో దారి. మీ ఏరియాలో సెలెక్టివ్ స్కీమ్ లేకపోతే, ఇంటిని ఒకే కుటుంబానికి ఇచ్చేయండి. అద్దె కాస్త తగ్గొచ్చు, కానీ ఫైర్ డోర్లు, గది కొలతలు, ఆర్టికల్ 4 ఏవీ ఉండవు. మీరు వేరే ఊళ్ళో ఉండి ఇంటిని చూసుకోవాలి కాబట్టి నా ఓటు దీనికే. బాక్స్ రూమ్ కొలత 6.51కి తక్కువ వస్తే ఇక ఆలోచించక్కర్లేదు కూడా.

ఇవన్నీ ఇంగ్లండ్‌కే. వేల్స్‌లో ప్రతి ఓనరూ రెంట్ స్మార్ట్ వేల్స్‌లో రిజిస్టర్ అవ్వాలి, ఇంటిని తానే చూసుకుంటే శిక్షణ తీసుకుని లైసెన్స్ కూడా పొందాలి. స్కాట్లండ్‌లో లాండ్‌లార్డ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, బంధువులు కానివాళ్ళు ముగ్గురు కలిసి ఉంటే చాలు, హెచ్‌ఎంఓ లైసెన్స్ కావాలి. అక్కడి స్నేహితుల సలహా మీకు పనికిరాదు, మీ సలహా వాళ్ళకీ పనికిరాదు.

ఇప్పుడు చేయాల్సింది: కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ప్రాపర్టీ లైసెన్సింగ్ పేజీకి వెళ్ళి పోస్ట్‌కోడ్‌తో పాటు ఇంటి నంబరు కూడా చూడండి, ఎందుకంటే స్కీమ్ హద్దు ఒక్కోసారి వీధి మధ్య నుంచే పోతుంది. తర్వాత లైసెన్సింగ్ టీముకి ఈమెయిల్ పెట్టండి. ఇంటి అడ్రస్, ఉండబోయే ఐదుగురిలో ఎవరెవరు జంట, ఎవరెవరికి బంధుత్వం లేదు, ఏ తేదీ నుంచి ఉంటారు, ఒక్కో గది కొలత ఎంత అన్నవి రాసి, ఏ లైసెన్స్ కావాలి, ఆర్టికల్ 4 ఉందా, కొత్త స్కీమ్ ఏదైనా ప్రకటించారా అని అడగండి. ఫోన్లో అడిగితే జవాబు త్వరగా వస్తుంది గానీ రేపు చూపించడానికి ఏమీ ఉండదు.

ఆ జవాబు వచ్చేదాకా కుర్రాళ్ళ దగ్గర హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు తమకే ఉంచమని ముందుగా ఇచ్చే అడ్వాన్స్) తీసుకోవద్దని మీ ఏజెంట్‌కి గట్టిగా చెప్పండి. వారం అద్దె మించి ఎలాగూ తీసుకోకూడదు. తీసుకున్నాక మామూలుగా 15 రోజుల్లో అగ్రిమెంట్ తేలాలి, మీ వైపు నుంచి ఆగిపోతే ఆ డబ్బు వెనక్కిచ్చేయాలి. 15 రోజుల్లో కౌన్సిల్ నుంచి జవాబు రాకపోవచ్చు.